ఈ కొరియా వెర్రి ఎవరి పుణ్యం?

ఈమధ్య పెళ్ళిళ్ళలో గానీ పేరంటాల్లో గానీ నలుగురు ఆడవాళ్ళు చేరితే కొరియా సీరియళ్ళ మాట రాకుండా ఉండటంలేదు. ఆ మాట చెవిన పడిందా, మగమహారాజులకి వెక్కిరింత పుట్టుకొస్తుంది. "ఆ మొహాలన్నీ ఒకేలా ఉంటాయి గదా, ఎవరు ఎవరో ఎలా పోల్చుకుంటారే మీరు?" అంటారొకరు. ఆయనగారికి ఐ.పి.ఎల్.లో పది టీముల ఆటగాళ్ళూ, ఎవరిని ఎన్ని కోట్లకి పాడుకున్నారో ఆ లెక్కతో సహా కంఠతా వచ్చు. అది జ్ఞాపకశక్తి. మనది మాత్రం వెర్రి!

"రెండేళ్ళు ఓపిక పట్టండి, దానంతటదే దిగిపోతుంది" అంటారు ఇంకొకరు. కాస్త పేపరు చదివే అలవాటున్నాయనైతే, "అదంతా వాళ్ళ గవర్నమెంటు డబ్బు పోసి చేయించిన ప్రచారం. మీరు అమాయకులు, పడిపోయారు" అని తేల్చేస్తారు.

నేనూ చూస్తాను కొరియా సీరియళ్ళు. చూసి ఊరుకోకుండా వాటి పుట్టుపూర్వోత్తరాలు కూడా కాస్త చదివాను. చదివినకొద్దీ నాకు తేలిందేమిటంటే, ఈ కెరటాన్ని ముందుగా లేపినవాళ్ళు రాసే ఆడవాళ్ళూ, చూసే ఆడవాళ్ళూను. గవర్నమెంటూ కంపెనీలూ ఆ తరవాత వచ్చి పడవ ఎక్కినవాళ్ళు. రేపు ఈ కెరటం విరిగిపడితే, ఆ ఆడవాళ్ళ మాట వినటం మానేసినందుకే విరిగిపడుతుంది. ఇది నా వాదన. కాదనేవాళ్ళు పూర్తిగా విని కాదనండి.

ముందు ఆ రెండేళ్ళ సంగతి చూద్దాం. 1997లో చైనా వారి ప్రభుత్వ టి.వి.లో ఒక కొరియా సీరియల్ వేశారు. దాని పేరుకి అర్థం 'ప్రేమంటే ఏమిటి?' అని. ఒక ఇంట్లో భార్యనీ పిల్లల్నీ గడగడలాడించే తండ్రి. ఇంకో ఇంట్లో అందరి మాటా చెల్లుతుంది. ఈ ఇంటి పిల్ల ఆ ఇంటికి కోడలుగా వెళ్తుంది. అదీ కథ. మన ఇళ్ళలో జరగనిదేముంది ఇందులో? రాసింది కిమ్ సూహ్యన్ అనే రచయిత్రి. చైనాలో కోట్లమంది కళ్ళప్పగించి చూశారు. ఆ తరవాత పాటలూ వెళ్ళాయి. 1999 ప్రాంతంలో చైనా పత్రికలవాళ్ళే దీనికి 'కొరియా కెరటం' అని పేరు పెట్టారు. కొరియావాళ్ళు దాన్నే 'హల్యూ' అంటారు. అంటే ఈ వెర్రికి పాతికేళ్ళు నిండాయి. పాతికేళ్ళు నిలిచినదాన్ని ఇంకా వెర్రి అంటారేమిటండీ?

ఇహ జపాన్ సంగతి వినండి. జపాన్ 1910 నుంచి 1945 దాకా కొరియాని తన కాలికింద పెట్టుకుని ఏలింది. ఆ గాయం ఇప్పటికీ పూర్తిగా మానలేదు. అలాంటి జపాన్‌లో 2003లో ఎన్.హెచ్.కె. వారు 'వింటర్ సొనాటా' అనే కొరియా సీరియల్ చూపించారు. మంచూ, తొలిప్రేమా, మరిచిపోయిన జ్ఞాపకాలూ - అంతే కథ. నలభైలూ ఏభైలూ దాటిన జపాన్ ఇల్లాళ్ళు ఆ కథానాయకుడు బే యాంగ్ జూన్‌ని 'యోన్ సామా' అని పిలుచుకున్నారు. సామా అంటే మన 'గారు' కంటే ఒక మెట్టు పైమాట. 2004లో అతను టోక్యో దిగితే విమానాశ్రయానికి వేలమంది ఆడవాళ్ళు వెళ్ళారు. ఆ సీరియల్ తీసిన నామి దీవిని చూడటానికి కొరియాకి విమానాలెక్కారు. ఎందరో ఆ వయసులో కూర్చుని కొరియా భాష నేర్చుకున్నారు. వాళ్ళనీ అక్కడి మగవాళ్ళు వెక్కిరించారు, మనవాళ్ళలాగే. కానీ పొరుగుదేశం వాడంటే చిన్నచూపుతో పెరిగిన మనుషులు ఆ దేశం భాష నేర్చుకునేదాకా వచ్చారంటే, ఆ పని చేసిన మంత్రి ఎవరు, రాయబారి ఎవరు? ఒక ప్రేమకథా, కన్నీళ్ళు తుడుచుకుంటూ చూసిన ఇల్లాళ్ళూ!

ఆ 2003లోనే కొరియాలో 'దే జంగ్ గమ్' మొదలైంది. రాజుగారి వంటశాలలో పనిచేసే అమ్మాయి, పట్టుదలతో చదువుకుని రాజుగారికే వైద్యురాలవుతుంది. రాసింది కిమ్ యంగ్ హ్యన్, ఈవిడా రచయిత్రే. మన దూరదర్శన్ కూడా 2006లో దీన్ని 'ఘర్ కా చిరాగ్' అని హిందీలో చూపించింది. ఇరాన్‌లో ఊళ్ళకి ఊళ్ళు చూశాయి. వంటింట్లో ఉండే ఆడదాని కథ ఎవడు చూస్తాడని అనేవాళ్ళుంటారు గదా, అలాంటివాళ్ళు అక్కడ లేకపోయారు కాబోలు, బతికిపోయింది ఆ సీరియల్!

ఆ తరవాత వచ్చినవాటిలో మనమందరం చెప్పుకునేవి చూడండి. 'గాబ్లిన్', 'ది గ్లోరీ' రాసింది కిమ్ యున్ సూక్. సరిహద్దు దాటి ఉత్తర కొరియాలో పడ్డ అమ్మాయి కథ 'క్రాష్ లాండింగ్ ఆన్ యూ' రాసింది పార్క్ జీ యున్. భయంతో వణికించిన 'కింగ్‌డమ్' రాసింది కిమ్ యున్ హీ. అందరూ ఆడవాళ్ళే. సీరియల్ బాగుంటే అక్కడ జనం ముందు అడిగేది రచయిత్రి పేరు. మన సీరియళ్ళలో రచయిత పేరు ఎప్పుడైనా చదివారా మీరు? నేనైతే ఆ అక్షరాలు పరిగెత్తే వేగానికి కళ్ళు అందించుకోలేకపోయాను.

గవర్నమెంటు డబ్బు పోయలేదా అంటే, పోసింది. నేను కాదనటంలేదు. 1994లో ఆ దేశాధ్యక్షుడికి సలహాదారులు ఒక రిపోర్టు ఇచ్చారు: 'జురాసిక్ పార్క్' అనే ఒక్క అమెరికా సినిమా సంపాదించింది, మనం పదిహేను లక్షల హ్యుండై కార్లు అమ్మితే వచ్చేదంత అని. అప్పటినుంచి వాళ్ళు సినిమానీ పాటనీ కూడా పరిశ్రమగా చూడటం మొదలెట్టారు. 1999లో చట్టమే చేశారు. కానీ దానికి ముందు జరిగింది ఎవరూ చెప్పరు. 1987లో జనం వీధుల్లోకొచ్చి సైనిక పెత్తనం వదిలించుకున్నారు. 1996లో వాళ్ళ రాజ్యాంగ న్యాయస్థానం, సినిమాని విడుదలకి ముందే ప్రభుత్వం కత్తిరించటం చెల్లదని తీర్పు చెప్పింది. నోరు తెరుచుకున్న తరవాతే పాట వచ్చింది. డబ్బు ఎరువు మాత్రమే. ఎరువు చల్లితే విత్తనం లేని మడిలో ఏం మొలుస్తుంది, కలుపు తప్ప?

పైగా ఆ గవర్నమెంటు చేసిన ఇంకో ఘనకార్యం ఉంది. తమకి గిట్టని కళాకారులు, రచయితలు తొమ్మిదివేల పైచిలుకు మందితో నల్లజాబితా తయారుచేసుకున్నారు. 2016లో అది బయటపడింది. అందులో సినిమా దర్శకుడు బాంగ్ జూన్ హో ఉన్నాడు. రచయిత్రి హాన్ కాంగ్ పేరూ అందులో ఉందని తేలింది. ఆ తరవాత ఏమైంది? బాంగ్ జూన్ హో 'పారసైట్' 2020లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ తెచ్చింది. ఇంగ్లీషు కాని సినిమాకి ఆ బహుమతి రావటం అదే మొదలు. హాన్ కాంగ్‌కి 2024లో సాహిత్యంలో నోబెల్ వచ్చింది. ఇప్పుడు చెప్పండి, ఈ కెరటాన్ని గవర్నమెంటు లేపిందా? లేక గవర్నమెంటుకి లొంగనివాళ్ళు లేపారా?

సరే, మనని పట్టి కూర్చోబెట్టేదేమిటి ఈ కథల్లో? దాపరికం ఎందుకు, ఆ కథానాయకుడే! వాన పడితే తను తడుస్తూ గొడుగు ఆవిడవైపు వంచుతాడు. ఆవిడకి జ్వరమొస్తే గంజి కాచి తెస్తాడు. అన్నిటికంటే వింత, ఆవిడ మాట్లాడుతుంటే చివరిదాకా వింటాడు, మధ్యలో ఫోను చూసుకోకుండా! ఇలాంటి మగవాడు సియోల్ వీధుల్లో కొల్లలుగా దొరుకుతాడనుకుంటున్నారా మా అమ్మాయిల్లాంటి అమ్మాయిలు? పిచ్చితల్లుల్లారా, అక్కడా దొరకడమ్మా.

ఆ దేశంలో మగవాడికి వంద వచ్చేచోట ఆడదానికి సుమారు డెబ్బై వస్తుంది. సంపన్న దేశాల్లో ఇంత తేడా ఇంకెక్కడా లేదు. వాళ్ళకీ మన సంక్రాంతిలా కోతల పండగ ఉంది, చూసోక్ అని. ఆ రోజున కోడళ్ళు అత్తవారింట పొయ్యిముందు నిలబడి నడుములు విరగ్గొట్టుకుంటారు. పండగ వస్తోందంటే ఆడవాళ్ళకి వచ్చే నొప్పులకీ దిగులుకీ అక్కడ ప్రత్యేకంగా ఒక జబ్బు పేరే ఉంది! పెళ్ళీ వద్దు, పిల్లలూ వద్దు అనుకునే అమ్మాయిలు ఎంతమందయ్యారంటే, 2023లో ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లలు 0.72కి పడిపోయారు. ఆ ఏడాది ప్రపంచంలో అంత తక్కువ ఏ దేశంలోనూ లేదు.

కాబట్టి గొడుగు వంచే ఆ మగవాడు ఉన్నవాడు కాడు, ఉండాలని ఆడవాళ్ళు రాసుకున్న అర్జీ. ఆ అర్జీ కింద జపాన్ ఇల్లాలు సంతకం పెట్టింది, ఇరాన్ ఇల్లాలు పెట్టింది, అనకాపల్లి ఇల్లాలూ పెట్టింది. వెర్రి అని నవ్వేవాళ్ళు ఈ అర్జీ ఒక్కసారి చదువుకుంటే బాగుండును.

అర్జీ కాక ఫిర్యాదే రాస్తే ఏమవుతుందో కూడా చూడండి. 2016లో చో నామ్ జూ అనే రచయిత్రి 'కిమ్ జీ యంగ్, 1982లో పుట్టింది' అని ఒక నవల రాసింది. ఒక మామూలు గృహిణి చిన్నప్పటినుంచి ఇంట్లో, బడిలో, ఆఫీసులో పడ్డ చిన్నచిన్న అవమానాల చిట్టా. పదిలక్షల ప్రతులు దాటి అమ్ముడుపోయింది. 2018లో ఒక ప్రసిద్ధ గాయని "నేనా పుస్తకం చదివాను" అన్నది. అంతే. చదివానన్నందుకు, ఇన్నాళ్ళూ ఆమెని ఆరాధించిన కుర్రాళ్ళు కొందరు ఆమె ఫొటోలు తగలబెట్టారు! బొమ్మలా నవ్వితే ఆరాధన, పుస్తకం చదివితే అగ్నిప్రవేశం. ఈ పద్ధతి మనకి కొత్తేం కాదులెండి.

ఇదిగో, ఈ కెరటానికి రాబోయే ప్రమాదం ఇక్కడుంది. పాటలు పాడే పిల్లల్ని పన్నెండు పదమూడేళ్ళకే కంపెనీలు శిక్షణకి తీసుకుంటాయి. తిండి కొలత, నిద్ర కొలత, నవ్వు కొలత. 2009లో ఒక పేరున్న బృందంలో ముగ్గురు కుర్రాళ్ళు, పదమూడేళ్ళ కాంట్రాక్టు అన్యాయమని కోర్టుకెక్కారు. ఏడేళ్ళకి మించరాదన్న నమూనా ఒప్పందమూ ఆ ఏడాదే వచ్చింది. 2019లో ఆరువారాల తేడాలో సల్లీ, గూ హారా అనే ఇద్దరు గాయనులు చనిపోయారు. ఒకరికి పాతికేళ్ళు, ఒకరికి ఇరవై ఎనిమిది. ఇద్దరూ నోటికొచ్చినట్లు తిట్లు తిన్నవాళ్ళు. 2024లో కరీనా అనే ఇరవైమూడేళ్ళ గాయని, తను ఒకతన్ని ప్రేమించినందుకు అభిమానులకి స్వహస్తాలతో క్షమాపణ ఉత్తరం రాసింది. ప్రేమపాటలు అమ్ముకునే వ్యాపారంలో ప్రేమించటం నేరమా? వినటానికే సిగ్గేస్తుంది.

రెండో ప్రమాదం డబ్బుది. 'స్క్విడ్ గేమ్' కథని హ్వాంగ్ డాంగ్ హ్యక్ పదేళ్ళకి పైగా చేతబట్టుకు తిరిగాడు, స్వదేశంలో ఎవరూ తీసుకోలేదు. 2021లో నెట్‌ఫ్లిక్స్ తీసుకుంది, లోకమంతా చూసింది. హక్కులు వాళ్ళవి. మొదటి భాగానికి ఆయనకి దక్కింది ఒప్పందంలో రాసుకున్న సొమ్మూ, ఆ శ్రమలో ఊడిపోయిన పళ్ళూను. ఆ సంగతి ఆయనే చెప్పుకున్నాడు. 2025లో ప్రపంచమంతా పిల్లలు పాడుకున్న 'కె-పాప్ డీమన్ హంటర్స్' బొమ్మల సినిమాని ఊహించింది సియోల్‌లో పుట్టి కెనడాలో పెరిగిన మేగీ కాంగ్. కానీ తీసింది అమెరికా కంపెనీ, లాభమూ వాళ్ళదే. రుచి కొరియాది, హోటలు ఇంకొకరిది! అమ్ముడుపోయే రుచి తెలిసిపోయాక, అదే కొలత ప్రకారం వండి వడ్డించమంటారు. అప్పుడు పచ్చడి సీసాలో ఉంటుందిగానీ, అమ్మచేతి ఘాటు ఉండదు.

అందుకే నేను చెప్పే జోస్యం ఇది. బడ్జెట్లు చూసి, కోట్లమంది చూశారన్న అంకెలు చూసి కొరియా భవిష్యత్తు చెప్పకండి. 2025లో 'వెన్ లైఫ్ గివ్స్ యూ టాన్జరీన్స్' వచ్చింది. జేజూ దీవిలో సముద్రంలో మునిగి నత్తలు ఏరుకు బతికే తల్లీ, కవిత్వం రాయాలనుకున్న కూతురూ, ఆ కూతురి కూతురూ. మూడు తరాల ఆడవాళ్ళ కథ. అచ్చంగా వాళ్ళ ఊరి కథ. అయినా ఏ ఊరివాళ్ళకైనా గొంతు పట్టేసింది. ఇలాంటివి రాసే స్వేచ్ఛ ఉన్నన్నాళ్ళు కెరటానికి ఢోకాలేదు. అది పోయిననాడు ఎన్ని కోట్లు పోసినా నిలవదు.

మనకీ ఇందులో పాలు ఉంది. 'మిస్ గ్రానీ' అనే కొరియా సినిమాని 2019లో నందినీరెడ్డి 'ఓ బేబీ'గా మన ఇంటి మనిషిని చేసి చూపిస్తే మెచ్చుకున్నాం. 2023లో ఢిల్లీలో కొరియా రాయబార కార్యాలయం వాళ్ళు 'నాటు నాటు'కి గెంతులేస్తే మురిసిపోయాం. బాగానే ఉంది. ఇచ్చిపుచ్చుకోవటం మంచిదే. అయితే వాళ్ళనుంచి పుచ్చుకోవలసింది గ్లాసులాంటి చర్మానికి రాసుకునే క్రీములొక్కటే కాదు. ఇంట్లో ఆడదాని కడుపులో ఉన్న మాటని కథగా రాసి, ఆ రాసినావిడ పేరు ముందు వేసే మర్యాద. అది పుచ్చుకోండి.

ఇక మీ ఇంట్లో పిల్లలు ఆ పాటలు వింటుంటే విననివ్వండి. ఒక్క మాట మాత్రం చెప్పండి: ఆ పాడే పిల్ల కూడా ఒక తల్లి కన్న బిడ్డే. ఆమె బొద్దుగా అయితే కానివ్వండి, పుస్తకం చదివితే చదవనివ్వండి, ఎవరినైనా ప్రేమిస్తే ప్రేమించుకోనివ్వండి. టిక్కెట్టు కొన్నది పాటకి, ప్రాణానికి కాదు.