అఖీఖా రోజు ఒక టేపు కూడా తెండి

అఖీఖా దావత్‌కు పోతే మనవాళ్ళు మేక ఎంతకు పడిందని అడుగుతారు. బిడ్డ తల ఎన్ని సెంటీమీటర్లుందని అడిగినవాళ్ళను నేను ఇంతవరకు చూడలేదు. ఏడో రోజు హజామ్ వచ్చి గుండు చేస్తాడు. ఆ వెంట్రుకల తూకానికి సరిపడా వెండి సద్ఖా ఇస్తాం. బిడ్డ తల మొత్తం మన కళ్ళ ముందు తేటగా కనబడే మొదటి రోజు అదే. అందుకే నా రాయ్ ఒకటే: ఆ రోజు ఉస్తరాతో పాటు ఒక టేపు కూడా తేవాలి.

మా గుండ్లపోచంపల్లిలో టేపుకు కరువు లేదు. అపారెల్ పార్కు ఉన్న ఊరు, కుట్టుపని తెలిసిన ఆడవాళ్ళు చాలామంది. షేర్వానీకి ఛాతీ కొలత తీసే చేతులకు ఇది ఎంత పని! ముందు కనుబొమల పైనుంచి, చెవుల పైనుంచి, వెనక తల బాగా ఉబ్బిన చోటు మీదుగా టేపు చుట్టాలి. మూడుసార్లు కొలిచి, అందులో పెద్ద అంకె తారీఖుతో రాసిపెట్టాలి. నెలకోసారి మళ్ళీ కొలవాలి. అంతే.

ఎందుకంటారా? మెదడు లోపల రోజూ నీరు ఊరుతుంది, ఊరినంత రక్తంలో కలిసిపోతుంది. ఆ దారి మూసుకుపోతే నీరు నిలిచి మెదడును నొక్కుతుంది. దీన్నే హైడ్రోసెఫలస్ అంటారు. పసిబిడ్డ పుర్రె ఎముకలు ఇంకా అతుక్కోవు కాబట్టి తల పెరుగుతూ పోతుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డ తల సుమారు 35 సెంటీమీటర్లు ఉంటుంది. మొదటి మూడు నెలలు నెలకు సుమారు 2 సెంటీమీటర్లు, తర్వాత మూడు నెలలు 1, ఆ తర్వాత ఏడాది దాకా అర సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. అంతకంటే జోరుగా పెరిగితే ఫికర్ చేయాల్సిందే. మాడు ఉబ్బడం, తల మీద నరాలు తేలడం, నల్లగుడ్లు కిందికి వాలిపోవడం, ఊరికే వాంతులు, లేపినా లేవని మత్తు కనిపిస్తే నెల నిండేదాకా ఆగొద్దు, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

మన ఇళ్ళలో జరిగేది వేరు. నజర్ తగిలిందంటారు. తావీజు కడతారు, దమ్ చేయిస్తారు, ఇంకో జుమ్మెరాత్ చూద్దామంటారు. దువాతో నాకు పేచీ లేదు. కానీ ఒంటెను కట్టేసి తవక్కుల్ చేయాలన్న సబఖ్ పిల్లలకు చెప్పే మనమే ఇక్కడ ఒంటెను విప్పి వదిలేస్తున్నాం. వెయ్యేళ్ళ కింద అందులుస్‌లో అబుల్ ఖాసిం అల్ జహ్రావీ తన 30 భాగాల ‘అత్తస్‌రీఫ్’లో చివరి భాగాన్ని సర్జరీకే కేటాయించాడు. పసిపిల్లల తలలో చేరే నీటి గురించి అందులో రాశాడు. ఆయన దీన్ని మర్జ్‌గానే చూశాడు. మనం ఇంకా నజర్‌గా చూస్తున్నాం.

ఆయన రోజుల్లో దీనికి గట్టి ఇలాజ్ లేదు, ఇప్పుడుంది. తలలోని నీటిని చర్మం కింద సన్నని గొట్టంతో కడుపులోకి పంపే షంట్ ఆపరేషన్ చేస్తారు. కొందరికి గొట్టం లేకుండా, ఎండోస్కోప్‌తో లోపలే కొత్త దారి తీస్తారు. ఈ షంట్‌కు వాల్వు తయారుచేసినవాడు డాక్టరు కూడా కాదు. అమెరికాలో జాన్ హోల్టర్ అనే మెషిన్ మెకానిక్. 1955లో పుట్టిన తన కొడుకు కోసం కూర్చుని చేశాడు. ఆ కొడుకు ఎక్కువ కాలం బతకలేదు, కానీ ఆ బాప్ చేతిపని ఎందరో పిల్లల్ని బతికించింది.

తల పెరగడం ఒక్కటే కాదు, పెరగాల్సిన వైపు పెరగకపోవడమూ మర్జే. పుర్రె ఎముకల అతుకులు ముందే మూసుకుపోతే తల పడవలా పొడుగ్గానో, ఒక పక్కకు వంకరగానో తయారవుతుంది. మాలిష్‌లో నొక్కితే గుండ్రంగా వస్తుందని దాదీలు నెలలు గడుపుతారు. మూసుకున్న అతుకు నొక్కితే తెరుచుకోదు. చిన్న కోతతో చేసే ఎండోస్కోప్ ఆపరేషన్‌కు మొదటి కొన్ని నెలలే అదను. అది దాటితే పెద్ద ఆపరేషనే.

మాలిష్ చేసే చేతులు వెన్ను కూడా చూడాలి. నడుము కింద వెంట్రుకల కుచ్చు, లోతైన గుంట, మెత్తని గడ్డ ఉంటే లోపల వెన్నుపాము చిక్కుకుని ఉండొచ్చు. అదే వెన్ను తెరుచుకునే పుడితే రెండు మూడు రోజుల్లో ఆపరేషన్ కావాలి.

ఇలాంటి బిడ్డ పుడితే సాస్ నోటి నుంచి మొదట వచ్చే మాట బహూ మీద ఇల్జామ్. గ్రహణంలో బయటికి వచ్చిందట, కత్తి పట్టిందట! అసలు సంగతి వినండి. బిడ్డ వెన్ను గొట్టం కడుపులో పడ్డ 28 రోజుల్లోపే మూసుకోవాలి. అప్పటికి చాలామంది తల్లులకు హమల్ నిలిచిందనే తెలియదు. ఈ ఖతరాను చాలావరకు తగ్గించేది రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్, అదీ కనీసం నెల ముందు నుంచి. అంటే అంగన్‌వాడీలో పేరు రాయించుకున్నాక మొదలుపెట్టడం ఆలస్యమే. నిఖా తారీఖు ఖరారైన రోజే ఆ గోలీ మొదలుకావాలి. జహేజ్ లిస్టు రాసే పెద్దలు ఇది మాత్రం ఎందుకు మరిచిపోతారు? ముందు ఇలాంటి బిడ్డ పుట్టిన తల్లికి ఎక్కువ మోతాదు కావాలి, అది డాక్టరే చెప్పాలి.

ఎక్కడో ఒకరికి వచ్చే బీమారీకి అందరినీ ఎందుకు భయపెడతావని అడగొచ్చు. అరుదు కాబట్టే చెబుతున్నాను. గల్లీ క్లినిక్‌లో కూర్చున్న డాక్టరుకు కూడా ఇలాంటి కేసు రోజూ తగలదు. “తల పెద్దగా ఉన్నట్టుంది” అని అమ్మీ అంటే, మొదటి కాన్పు కదా, వహమ్ అని పంపేస్తారు. అదే అమ్మీ చేతిలో తారీఖులతో నాలుగు అంకెల కాగితం ఉంటే వహమ్ అనే హిమ్మత్ ఎవరికీ ఉండదు. ఆ కాగితమే ఆమెకు గవాహీ.

మా ఊరి నుంచి సికింద్రాబాద్‌కు రైలుంది, అక్కడికి గాంధీ ఆసుపత్రి దగ్గరే. ప్రసవంలో తన దాసి చనిపోతే తల్లడిల్లిన నిలోఫర్ బేగం పేరిట 1953 నుంచి పిల్లల దవాఖానా ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో ఈ వెన్ను లోపమూ ఉంది. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆరోగ్యశ్రీ కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా పెరిగింది. ఏ ఆపరేషన్ దాని కిందికి వస్తుందో ఆరోగ్యమిత్రను అడగండి.

మస్జిద్ కమిటీలకు నా గుజారిష్: నిఖా ఖరారు చేసుకున్నామని వచ్చే కుటుంబానికి ఫోలిక్ గోలీ మాట, అఖీఖాకు పిలిచే ఇంటికి టేపు మాట ఒకసారి చెప్పండి. మేక ధర ఎలాగూ అడుగుతారు. తల కొలత కూడా అడగండి.