ఊరి సమ్మతే తొలి లైసెన్సు

ఇప్పపూలు రాత్రివేళ రాలి, తెల్లవారేసరికి చెట్టు కింద పరుచుకుంటాయి. ఆదిలాబాద్ గోండు గూడేల్లో ఆడవాళ్లు వేసవిలో గంపలతో ఏరుకొచ్చి ఎండబెడతారు. ఆ పువ్వు తిండి, మందు, లడ్డూ. పులియబెట్టి బట్టీ పెడితే సారా. దేవుడి ముందు ధారపోయడానికీ, పెళ్లికీ, చావుకూ అది కావాలి. ఎక్సైజు లెక్కలో మాత్రం నేరం. 1892లో బొంబాయి ప్రభుత్వం చట్టం చేసి కొన్ని ప్రాంతాల్లో ఆ పూల సేకరణనే కట్టడి చేసింది. సర్కారు సారా ఆదాయం కాపాడుకోవడమే అప్పటి ఆరాటం.

2021లో మధ్యప్రదేశ్ ఇప్పసారాను వారసత్వ మద్యంగా గుర్తిస్తామని ప్రకటించింది. తయారీ లైసెన్సులు ఆదివాసీ స్వయం సహాయక సంఘాలకే ఇచ్చేలా విధానం తెచ్చింది. అలీరాజ్‌పూర్ 'మోహులో' అలా సీసాలోకి వచ్చింది. ఇది మంచి అడుగు. పెద్ద డిస్టిలరీకి రాసిన నిబంధనలు పది మంది ఆడవాళ్ల సంఘానికి సరిపోవు. ఫీజు తయారీ పరిమాణాన్ని బట్టి ఉండాలి. రిజిస్టర్లు వాళ్లు రాసుకోగలిగినవై ఉండాలి. సడలించకూడనిది ఒక్కటే, పరీక్ష. మిథనాల్ ఎంతుందో, నవసారం కలిపారో లేదో తేల్చే సదుపాయం దగ్గర్లోనే ఉండాలి. కల్తీ సారా తీసే ప్రాణాలు పేదలవే.

సారా లైసెన్సు అనగానే తెలుగు పల్లె ఉలిక్కిపడడం సహజం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటమే 1993 అక్టోబరు 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం తెచ్చింది. కూలి డబ్బులు సారా కొట్టుకు పోతుంటే పిల్లల్ని పస్తు పడుకోబెట్టిన తల్లుల కోపం అది. ఆ కోపం న్యాయమైనది, దాన్ని పక్కనపెట్టి ఏ విధానమూ రాయకూడదు. వాళ్లు ఎదిరించింది వేలంపాటలో పైనుంచి ఊరిమీద రుద్దిన సారాను. అడవి గూడెం అడుగుతున్నది తన పువ్వుపై తన హక్కు. రెండుచోట్లా తేలాల్సింది ఒకటే: ఊళ్లో ఏం ఉండాలో చెప్పేదెవరు?

1996 నాటి పెసా (షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ) చట్టం దీనికి దారి చూపింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో మద్యాన్ని నిషేధించే, నియంత్రించే అధికారమూ, చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్యమూ గ్రామసభకూ పంచాయతీకీ ఉండాలంది. ఏ రాష్ట్రం రాసినా ఇప్పసారా లైసెన్సు నిబంధనలు అక్కడినుంచే మొదలవ్వాలి. ఆడవాళ్లు నిండుగా కూర్చున్న గ్రామసభ ఒప్పుకుంటేనే లైసెన్సు రావాలి. వద్దంటే రద్దు కావాలి. అప్పుడే అది గూడేనికి జీవనోపాధి అవుతుంది, ఇల్లాలికి భరోసా అవుతుంది.