ఊరికే చేసే పనికి ఏమొస్తుంది?

మన ఇళ్ళల్లో ఈ మాట అందరూ వినే ఉంటారు. ఆదివారం పొద్దున్నే బైనాక్యులర్ మెడలో వేసుకుని నేను బయల్దేరితే మా నాయన అడిగేదీ ఇదే. వారంలో ఐదు రోజులు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవాడు, మిగిలే రెండు రోజుల్లో ఒకటి పక్షుల క్లబ్బుకు ఎందుకు ఇవ్వాలి? జీతం లేదు, సర్టిఫికెట్ కూడా లేదు. అయినా చాలా వస్తుందనే నేను చెప్తాను.

ముందు పని ఏమిటో చెప్పాలి. పక్షులను చూసేది అందరికీ ఇష్టమే, కానీ క్లబ్బు నడిచేది వేరే పనులతో. ఏ వారం ఏ చెరువుకు పోయేదో ముందే అందరికీ తెలపాలి. కొత్తగా వచ్చినవాళ్ళకు బైనాక్యులర్ సరిచేసుకునేది నేర్పాలి. ఒకరు లెక్కపెడుతుంటే ఇంకొకరు రాసుకోవాలి. వందల బాతులు ఒకేచోట ఉంటే ఒక్కొక్కటి లెక్కపెట్టలేం. పది బాతులు ఎంత జాగాలో ఉన్నాయో కంటితో కొలుచుకుని, గుంపు మొత్తంలో అలాంటి పదులు ఎన్నో చూస్తాం. ఇంటికి వచ్చినాక టైము, నడిచిన దూరం, కనపడిన ప్రతి జాతి పేరు, సంఖ్య ఈబర్డ్‌లో ఎక్కించాలి. ఎవరూ మెచ్చుకోని పని ఇది.

ఈ పనికి విలువ ఉందని తెలిసేదానికి 2023లో వచ్చిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక చాలు. దేశంలో 30 వేల మందికి పైగా మామూలు మనుషులు ఎక్కించిన 3 కోట్ల నమోదులతో 942 జాతుల పరిస్థితి చూసినారు. బాగా తగ్గిపోతున్నవాటిలో మన పాలపిట్ట కూడా ఉంది. నేను బళ్ళో చదివిన కన్నడంలో అది నీలకంఠ. కర్ణాటకకు, తెలంగాణకు, ఒడిశాకు అదే రాష్ట్ర పక్షి. దసరా రోజు దాన్ని చూస్తే మంచిదని నమ్మేవాళ్ళం, అది తగ్గిపోతోందని లెక్క లేకుండా చెప్పలేకపోయేవాళ్ళం. టెస్టింగ్‌లో బగ్ దొరకని రోజు కూడా రిపోర్టు రాస్తాం. చెరువు దగ్గరా అంతే. పోయిన ఏడు ఉన్న పక్షి ఈ ఏడు కనపడలేదంటే అదీ రాయాల్సిన సంగతే.

రెండో లాభం మన భాషకు సంబంధించింది. మాది చింతామణి పక్క. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం. పూర్ణచంద్ర తేజస్వి 'కన్నడ నాడిన హక్కిగళు' లాంటి పుస్తకాలు ఉన్నాయి కాబట్టి కన్నడంలో పక్షుల పేర్లు నాకు సులభంగా దొరికినాయి. తెలుగు పేర్లు మాత్రం జేజి నోట్లోనే ఉండేవి. కెంబూతను ఆమె జెముడుకాకి అనేది, మించుళ్ళిని లకుముకి పిట్ట అనేది. గీజగ, గిజిగాడు అయితే దాదాపు ఒకే మాట. క్లబ్బులో పేర్ల పట్టిక నేను చేస్తానని ఒప్పుకోకపోయి ఉంటే ఈ మాటలను అడిగి రాసుకునేవాణ్ణి కాదు.

పేర్లతో ఏం పని అంటారేమో. కలివికోడి సంగతి చూడండి. 1900 తర్వాత ఆ పక్షిని చూసినట్టు రికార్డు లేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు కడప జిల్లా ఊళ్ళలో బొమ్మలు చూపించి అడిగితే అక్కడివాళ్ళు గుర్తుపట్టినారు. 1986లో లంకమల అడవి దగ్గర అది మళ్ళీ దొరికింది. శాస్త్రవేత్తలు పోగొట్టుకున్న పక్షికి ఊరివాళ్ళ నోట్లో పేరు ఉండింది.

మూడోది, నాకు అన్నిటికంటే పెద్దది. ఆంధ్రాకు పోతే మన తెలుగు విని "మీది కన్నడ తెలుగు కదా" అంటారు. ఇక్కడ ఇంటిపేరు విని "మీరు ఆంధ్రావాళ్ళా?" అంటారు. తరాల నుంచి ఇక్కడే ఉన్నామని ఎంతమందికని చెప్పేది? కానీ మా జిల్లా చెరువుల మీదకు క్లబ్బు వచ్చినప్పుడు, గట్టు మీద గొర్లు కాసే పెద్దాయన తెలుగులోనే మాట్లాడతాడు. ఏ నెలలో నీళ్ళు తగ్గుతాయి, కొంగలు ఏ చెట్టు మీద గూళ్ళు కడతాయి అన్నీ ఆయనకు తెలుసు. బెంగళూరు నుంచి వచ్చినవాళ్ళకు ఆ మాట అర్థం కాదు. ఆయన చెప్పింది నేను కన్నడంలో చెప్తాను, వాళ్ళ ప్రశ్న తెలుగులో అడుగుతాను. అటూ ఇటూ కాదనిపించుకున్న భాష అక్కడ అందరికీ అవసరమైంది.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. సేవ పేరుతో అన్ని పనులూ ఒకరి మీదే వేసే క్లబ్బులు ఉన్నాయి. ఆ ఒకరు అలసిపోయి మానేస్తే క్లబ్బే ఆగిపోతుంది. పనులు చిన్నవిగా పంచుకోవాలి, మూడు నెలలకు చేతులు మారాలి. నేను ఇంత చేస్తాను, ఇంతకంటే చేయలేను అని చెప్పేదానికి మొహమాటపడకూడదు.

ఉగాదికి కలిసినప్పుడల్లా పిల్లలకు తెలుగు పోతోందని బాధపడతాం. బాధపడే బదులు పిల్లలను తీసుకుని పక్కనున్న క్లబ్బుకు పోదాం. పక్షులే కానక్కర లేదు, చెస్ అయినా, చెట్లయినా సరే. పక్షులైతే ఫిబ్రవరిలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది. మేడ మీద నిలబడి 15 నిమిషాలు లెక్కపెట్టినా చాలు. బరంపురంవాళ్ళకు చిలికా ఉంది, సోలాపూర్‌వాళ్ళకు బట్టమేక పిట్టల నాన్నజ్ ఉంది.

ఈలోగా మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, మీ ఊరి పక్షుల పేర్లు వాళ్ళు ఎలా పలికితే అలాగే రాసి పంపండి. పట్టిక నా దగ్గర ఉంది, చేర్చే పని నాది.