కొండ సైకిలునకు డిస్కు బ్రేకులు



గత మాసమున సైకిలు టైర్లను గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున బ్రేకులను గూర్చి వ్రాయుచున్నాను. మన చదువరులలో నొక సోదరి యిట్లడిగినారు: "మా అమ్మాయికి పదునాఱేండ్లు. కొండదారులలో త్రొక్కుటకు సైకిలు కొనిపెట్టుమని కోరుచున్నది. దుకాణమువారు డిస్కు బ్రేకులున్నదే కొనుడనుచున్నారు. ఇంటిలోని పెద్దలు అది వట్టి యాడంబర మనుచున్నారు. ఎవరి మాట వినవలెను?"

ఇది యామె యొక్కతె సందేహము కాదు. కొండ యెక్కునప్పుడు బలము చాలకున్న దిగి నడువవచ్చును. దిగునప్పుడు బ్రేకు చాలకున్న వేఱు దారి లేదు. కావున రంగుకంటెను, గేర్లకంటెను ముందుగా బ్రేకును పరీక్షింపవలెను.

బ్రేకు చేయు పని యేమి? పరుగెత్తు బండి వేగమును అది వేడిగా మార్చును. సైకిలును మనిషియు గలిసి 80 కిలోల బరువున్నచో, 400 మీటర్ల యెత్తునుండి దిగునప్పుడు పుట్టు వేడి యంతయు నొకచోట జేర్చిన, ఒక లీటరు చన్నీటిని తెర్లకాచుటకు చాలును. అందు కొంత గాలికి బోవును. మిగిలినది బ్రేకే భరింపవలెను. అమెరికా దేశమున క్యాలిఫోర్నియాలోని టమల్పయస్ పర్వతప్రాంతమున, 1976వ సంవత్సరమున, కొందఱు యువకులు పాత సైకిళ్లతో కొండదిగు పందెములు మొదలిడిరి. ఆ బండ్ల బ్రేకు వెనుకచక్రపు టిరుసులో నుండెడిది. ఒక్కమాఱు దిగునప్పటికే లోపలి గ్రీజు పొగయై పోవుచుండెను. మరల గ్రీజు కూరినగాని రెండవమాఱు దిగుటకు వీలు లేకుండెను. అందుచేతనే యా బాటకు "మరల కూరుట" యను నర్థమున రీప్యాక్ అను పేరు వచ్చినది. కొండ సైకిలు పుట్టిననాడే బ్రేకు వేడి సమస్యయు పుట్టినది.

మనకు దెలిసిన రబ్బరు బ్రేకు చక్రపు రిమ్మును పట్టుకొనును. రిమ్ము నేలకు దగ్గఱ; వానకు దడియును, బురద పట్టును, అప్పుడు పట్టు తగ్గును. డిస్కు బ్రేకునందు చక్రము నడుమ నొక యుక్కు బిళ్ల బిగింపబడి యుండును. దాని కిరుప్రక్కల పటకారువంటి క్యాలిపరును, అందు రెండు ప్యాడ్లును ఉండును. బిళ్ల నేలకు దూరముగా నుండుటచే బురద తక్కువ. రిమ్ము కొంచెము వంకర పోయినను బ్రేకు పట్టు చెడదు.

అట్లని డిస్కున్న ప్రతి బండియు మంచిదని తలపరాదు. చదునైన వీథులలో బడికి పోయి వచ్చుటకు మంచి రబ్బరు బ్రేకే చాలును. మిక్కిలి చౌక బండ్లలో చూపునకు మాత్రము తగిలించిన నాసి డిస్కుకంటె నదియే మేలు. అరకు ఘాటువంటి దిగుడు బాటలలోను, వానలోను, మట్టిలోను తిరుగువారికి డిస్కు నిజముగా నక్కఱకు వచ్చును. కావున దుకాణమువారి మాటయు, పెద్దల మాటయు సగము సగము నిజములే.

ఇక నెన్నుకొను విధము. డిస్కు బ్రేకులు రెండు తెఱగులు. తీగతో లాగునది యొకటి. నూనెతో నొత్తునది, అనగా హైడ్రాలిక్ బ్రేకు, మఱియొకటి. తీగ బ్రేకు వెల తక్కువ, ఏ యూరి మెకానికైనను బాగుచేయగలడు. కాని చేతి బలము ఎక్కువ కావలెను. ప్యాడ్లు అరిగిన కొలది తీగను బిగించుచుండవలెను. నూనె బ్రేకు ఒక్క చూపుడు వ్రేలితో పట్టును. ప్యాడ్ల అరుగుదలను తానే సరిపెట్టుకొనును. చిన్న చేతులుగల బాలికకు పొడవైన దిగుడులో వ్రేళ్లు తిమ్మిరెక్కుట పెద్ద ప్రమాదము. కావున కొండదారికైనచో నూనె బ్రేకే నా సలహా. అయితే దాని నూనె మార్చగలవారు మీ పట్టణమున నున్నారా యని కొనకమునుపే యడుగుడు.

ఈ నూనెలును రెండు విధములు. షిమానో, మగురా, టెక్ట్రో బ్రేకులకు మినరల్ నూనె; హోప్ మొదలగువానికి డాట్ అను ద్రవము. ఒకదానికి బదులుగ నింకొకటి పోసిన లోపలి రబ్బరు ఉబ్బి బ్రేకు చెడును. ఆవకాయలో నువ్వులనూనెకు బదులు ఆముదము పోయుదుమా? కుట్టుమిషను నూనెయు పనికిరాదు. డాట్ ద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 5.1 క్రొత్తగా నున్నప్పుడు కనీసము 260 డిగ్రీల సెల్సియసు వఱకు మరుగకుండవలెననియు, తేమ చేరిన పిదప 180 డిగ్రీలైనను ఓర్చుకొనవలెననియు నియమము. ద్రవము మరిగి యావిరియైనచో పిడి మెత్తబడి హ్యాండిలు దాక వచ్చును, బండి నిలువదు. కావున నూనెను కాలక్రమమున మార్పింపవలెను.

బిళ్లల కొలతలు సాధారణముగా 160, 180, 203 మిల్లీమీటర్లు. బిళ్ల పెద్దదైనకొలది పట్టును పెరుగును, వేడియు త్వరగా జాఱును. 160కి బదులు 180 వేసిన పట్టు ఎనిమిదవ వంతు హెచ్చును. బ్రేకు వేసినప్పుడు బరువు ముందునకు దూగును గనుక ముందుచక్రమునకే పెద్ద బిళ్ల వేయుదురు. తేలికపాటి బాలికకు ముందు 180, వెనుక 160 చాలును. ఫోర్కు ఎంత బిళ్లను భరించునో దాని తయారీదారులు నిర్ణయింతురు. ఆ హద్దు మీఱరాదు.

ప్యాడ్లలో రెజిను ప్యాడ్లు చప్పుడు చేయవు, చల్లగా నున్నప్పుడును బాగుగ బట్టును, కాని త్వరగా నరుగును. లోహపు ప్యాడ్లు వేడికిని బురదకును ఓర్చును, కాని కొంచెము కూయును. కొన్ని చౌక బిళ్లలపై రెజిను ప్యాడ్లే వాడవలెనని చెక్కియుండును; వానికి లోహపు ప్యాడ్లు వేయకుడు.

అమర్చు విధమును ఇంటియందే నేర్వవచ్చును. పనికి ముందు చేతులు సబ్బుతో కడుగుకొనుడు. కొబ్బరినూనె చేతితో బిళ్లను గాని ప్యాడ్లను గాని తాకరాదు. మొదట చక్రము ఫోర్కులో తిన్నగా కూర్చున్నదో లేదో చూడుడు. పిదప క్యాలిపరును పట్టియుంచు రెండు బోల్టులను కొంచెము వదులు చేయుడు. బ్రేకు పిడిని గట్టిగా నొక్కి పట్టియుంచుడు. క్యాలిపరు తనంతట బిళ్ల నడుమకు జరుగును. పిడిని విడువక బోల్టులను ఒకదాని తరువాత నొకటిగా కొంచెము కొంచెము బిగింపుడు. షిమానోవారు చెప్పు బిగింపు 6 మొదలు 8 న్యూటన్-మీటర్లు. తరువాత తెల్లకాగితము వెనుక బెట్టి చూచిన, బిళ్ల కిరువైపులను సన్నని వెలుతురు గీత కనబడవలెను. తీగ బ్రేకులలో పెక్కింట వెలుపలి ప్యాడే కదలును; లోపలిదానిని దాని మరతో బిళ్లకు చేరువ చేయవలెను.

చక్రము తీసియుండగా నూనె బ్రేకు పిడిని నొక్కకుడు. ప్యాడ్లు దగ్గఱపడి బిళ్ల దూఱదు. చక్రము తీసినప్పుడు ప్యాడ్ల నడుమ నొక యట్టముక్క నుంచుడు. పిడి దూరమును సరిపెట్టు చిన్న మరను త్రిప్పి, చూపుడు వ్రేలి మొదటి కణుపు పిడిపై నానునట్లు చేయుడు. ఏ చేతి పిడి ఏ చక్రమునకో బాలికకు ముందే నేర్పుడు. అన్ని దేశముల బండ్లకు నిది యొక్క తీరు కాదు.

క్రొత్త బ్రేకు మొదటి దినముననే పూర్తి పట్టు పట్టదు. ప్యాడు పొర బిళ్లకు సమముగ నంటుకొనవలెను. నిర్జనమైన చదును బాటపై గంటకు 20 కిలోమీటర్ల వేగముతో బోయి, ఒక్క బ్రేకుతో నడక వేగము వఱకు దిగివచ్చుడు, చక్రము ఆగిపోకూడదు. ఇట్లు ఇరువదిసారులు ముందు బ్రేకునకు, ఇరువదిసారులు వెనుక బ్రేకునకు. ఈ పని కాకమునుపు బాలికను కొండకు బంపరాదు. కొండపైనను బ్రేకును ఎడతెగక నొక్కియుంచక, పట్టి విడుచుచు దిగవలెనని చెప్పుడు. దిగిన వెంటనే బిళ్లను తాకిన చేయి కాలును. తిరుగుచున్న బిళ్లలో వ్రేలు పెట్టిన తెగును.

నెల కొకమాఱు చూడవలసినవి నాలుగు. ప్యాడు పొర 0.5 మిల్లీమీటరునకు దిగినచో మార్చుడు. 1.8 మిల్లీమీటర్ల షిమానో బిళ్ల 1.5కు అరిగినచో మార్చుడు. బిళ్లను ఐసోప్రొపైలు ఆల్కహాలుతో తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడువుడు. నూనె పీల్చిన ప్యాడ్లు మాత్రము తుడిచినను బాగుపడవు, మార్పవలసినదే. పిడి మెత్తగా నున్నచో లోన గాలి చేరినదని యెఱిగి, బాగుచేయించువఱకు బండి నెక్కనీయకుడు.

సైకిలు నెక్కవలదని బాలికను ఆపుటకంటె, ఎక్కడ కావలసిన నక్కడ ఆపుకొను నేర్పును, సాధనమును ఆమెకిచ్చుట మేలు. పై పనిలో సగము ఆమెచేతనే చేయింపుడు. తన చేతితో బిగించిన బ్రేకును తానే నమ్మి కొండ దిగును. వచ్చు మాసమున గేర్లను గూర్చి వ్రాయుదును.