దయ్యపు కథకు వినువారు కావలెను



భరతముని యెనిమిది రసములను చెప్పి, భయానకమును వానిలో నొకటిగా నెంచెను. శృంగారమును, కరుణమును వ్రాసిన స్త్రీలను లోకము కొంత ఆదరించినది. కాని దయ్యపు కథ వ్రాయుదునన్న యిల్లాలిని చూచి "దీపాలవేళ ఆ పాడుమాట లేల?" అని పెద్దలు గదుముట నేటికిని మానలేదు. అట్టి యామె వ్రాసినది పెట్టెలో బట్టలక్రింద పడియుండును. అచ్చువేయువారిని ఆమె యెఱుగదు. ఎఱిగినను అడుగుటకు సంకోచము. ఆమెకు దారి యేమి? వ్రాయుచుండగనే నలుగురికి చదివి వినిపించుటయే తొలి దారియని మా తలంపు. ఇది ప్రోత్సాహము కొఱకు మాత్రమే కాదు. వినువారు లేని భయానక కథ వలన కలుగు కీడు మఱియొకటి కలదు. దానినే యీ మాసము ముచ్చటింతుము.

ఈ దారి క్రొత్తది కాదు. శాతవాహనుల కొలువునందలి గుణాఢ్యుడు బృహత్కథను పైశాచీభాషలో ఏడులక్షల శ్లోకములుగ రచించెనని కథ. సిరా దొరకని యడవిలో తన నెత్తుటితోనే వ్రాసెనట. రాజు ఆ భాషను, ఆ నెత్తుటిని చూచి రోసి గ్రంథమును త్రిప్పి పంపెను. అంత గుణాఢ్యుడు కొండమీద నిప్పు రగిల్చి, ఒక్కొక్క యాకును చదివి మంటలో వేయుచుండగా, మృగములును పక్షులును మేత మాని కన్నీటితో వినెనట. ఆ సంగతి తెలిసి రాజు వచ్చునప్పటికి మిగిలినది లక్ష శ్లోకములే. శిష్యుల కిష్టమైనదని దానిని మాత్రము గుణాఢ్యుడు దాచియుంచెను. ఈ వృత్తాంతమును 11వ శతాబ్దిలో కాశ్మీర కవి సోమదేవుడు కథాసరిత్సాగరమున చెప్పెను. కొలువు త్రోసిపుచ్చిన గ్రంథమును నిలిపినవారు వినువారే గదా!

అదే కథాసరిత్సాగరమున బేతాళ కథలును కలవు. 1947లో ఆరంభమైన చందమామ చదివి పెరిగినవారికి వీనిని పరిచయము చేయ నక్కఱలేదు. బేతాళుడు శవములోనుండి కథ చెప్పి, తుదిని ప్రశ్న వేయును. తెలిసియు చెప్పకున్న తల పగులునని రాజును బెదరించును. ఇందలి మర్మ మేమన, వినువాడు వణకి ఊరకుండరాదు, తీర్పు చెప్పవలెను.

పడమటి దేశములందును ఇట్టిదే జరిగినది. 1815లో తూర్పు దీవులయందలి తంబోరా యగ్నిపర్వతము ప్రేలగా, మరుసటి యేడు ఐరోపాకు వేసవియే లేకపోయెను. జెనీవా సరస్సు చెంత వానలకు కదలలేక చిక్కిన కొందఱు నేస్తులు దయ్యపు కథలు చదువుకొనుచు, తలకొక కథ వ్రాయుదమని అనుకొనిరి. వారిలో పదునెనిమిదేండ్ల పడుచు, పిమ్మట మేరీ షెల్లీ యని ప్రసిద్ధి కెక్కినామె, ఆరంభించినదే ఫ్రాంకెన్‌స్టయిన్ నవల. 1818లో అది 500 ప్రతులుగా, రచయిత్రి పేరు లేకయే వెలువడెను. 1823 నాటి ముద్రణమున ఆమె పేరు కనబడెను. అందలి వికృతాకారుని సృష్టించి విడిచిపోయినవాడు మనుష్యుడు. ఆ వికృతాకారుడు తన కథను తానే చెప్పుకొనును. అది వినినంతట మన భయము దిక్కు మారును. భయంకరు డెవడు? పుట్టినవాడా, పుట్టించి పాఱిపోయినవాడా?

తెలుగున యండమూరి వీరేంద్రనాథ్ గారి తులసిదళము ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికముగ వచ్చి, చేతబడిని కథావస్తువుగ గొని, వారము వారము పాఠకులను కట్టివేసినది. మూఢనమ్మకమును పెంచుచున్నదను నిందయు దానికి తప్పలేదు. ఆ వాదమునం దెవరిది న్యాయమో మే మిచట తేల్పబోము. ఒకటి మాత్రము నిజము. మన దేశమున చేతబడి కథ కథగా మాత్రమే నిలువదు. వినువారిలో దానిని నమ్మువారును, ఆ నమ్మకము వలన దెబ్బతిన్నవారును కూడ కూర్చుండియుందురు.

మా చోడవరమున జరిగిన సంగతి యొకటి విన్నవింతుము. (మునుపు విశాఖపట్టణపు జిల్లాలోనున్న మా యూరు 2022 ఏప్రిలు మొదలు అనకాపల్లి జిల్లాలో చేరినది.) ఒక యిల్లాలు ఇంటిపనులు తీరిన పిమ్మట నవల వ్రాయుచు, వారమున కొక మధ్యాహ్నము మాబోంట్లను నలుగురైదుగురిని చేర్చి, ప్రకరణ మొకటి చొప్పున వినిపించుచున్నది. కథ చెఱకుతోటల నడుమ నడచును. రాత్రివేళ బెల్లపు పెనము క్రింద మంట, తోట కొసను ఒంటి గుడిసె, అందొక దిక్కులేని ముసలమ్మ. పల్లెలో పిల్లలకు జ్వరములు, పొలములపై కొరివిదయ్యపు వెలుగులు. తుదకు ఆ ముసలమ్మయే చిల్లంగి పెట్టినదని తేలును. అందఱము ఊపిరి బిగబట్టి వింటిమి.

చదువుట ముగియగనే, మన్యపు పల్లెలో పుట్టి మా యూరు మెట్టిన సోదరి యొకతె మెల్లగా నిట్లనెను: "వదినగారూ, కథ బాగున్నది. కాని మా పల్లెలో ఇట్టి గుడిసెయే యొకటి యుండెడిది. జనము దివిటీలు పట్టుకొని వచ్చిన రాత్రి భయపడినది జనము కాదు, ఆ గుడిసెలోని యామె."

"పిమ్మట ఆమె యేమైనది?" అని రచయిత్రి యడిగెను.

"ఏమైనదో మాకు తెలియదు. తెల్లవారుసరికి గుడిసె ఖాళీ."

తరువాతి వారము రచయిత్రి ఆ ప్రకరణమును తిరుగ వ్రాసి తెచ్చెను. ఈ తూరి కథ గుడిసె లోపలినుండి నడచినది. తలుపు సందున దూరపు వెలుగులు మొదట ఒకటి, పిదప రెండు, పిదప పది. పేరుపెట్టి పిలుచుచున్న గొంతులన్నియు ఆమె యెఱిగినవే. అందు దయ్యము లేదు. ఐనను మునుపటి వారముకంటె మే మెక్కువ వణకితిమి.

ఇది వట్టి కల్పన యని త్రోసివేయరాదు. చిల్లంగి యనుమానముతో మన్యపు పల్లెలలో మనుష్యులను చంపిన వార్తలను పత్రికలలో పలుమాఱు చదివియున్నాము. పొరుగున నున్న ఒడిషా రాష్ట్రము 2013లో ఇట్టి వేటను నిషేధించుచు ప్రత్యేకముగ చట్టము చేసినది. జ్వరమునకు దోమ కారణమని నమ్మని చోట, పొరుగింటి ముసలమ్మ కారణ మగును. కథ వ్రాయువారు తెలియకయే ఆ చూపుడువ్రేలికి బలము చేకూర్పగలరు. ఒంటిగా వ్రాసికొనునామెకు ఇది తోపదు. ఎదుట కూర్చున్న వినికరి ముఖమున తోచును.

కావున వ్రాయు సోదరీమణులకు మా మనవి. ఒక్కసారిగ గ్రంథమంతయు వినిపింపవలదు. ఒక ప్రకరణము చాలును. మీకంటె భిన్నమైన బ్రతుకు చూచినవారిని ఒక్కరినైన పిలువుడు. ఎచట భయము కలిగెను, ఎచట నవ్వు వచ్చెను, ఎచట ఆవులించిరి, ఈ మూడే యడుగుడు. ఆనాడు వాదింపక వ్రాసికొనుడు, మరునాడు యోచింపుడు. వారు చెప్పినదంతయు చేయవలెనని లేదు, తుది తీర్పు మీదే. పసిపిల్లలను మాత్రము ఆ గోష్ఠికి చేరనీయకుడు.

చదివి వినిపించిన కథను మఱొకరు తమదిగా చెప్పుకొందురేమోయని కొందఱు జంకుదురు. 1957 నాటి కాపీరైటు చట్టము ననుసరించి, వ్రాసినంతనే రచనపై హక్కు రచయిత్రిదే. నమోదు చేయించుట తప్పనిసరి కాదు. ఆమె జీవితకాలమును, ఆపై 60 ఏండ్లును ఆ హక్కు నిలుచును. ప్రతి ప్రకరణము చివర పేరును తేదీని వేసి, ప్రతిని భద్రపఱచుకొనిన చాలును.

వినువారికిని ఒక మాట. "బాగున్నది" యని లేచిపోవుట మర్యాద యగును గాని మేలు కాదు. బేతాళుని ప్రశ్నకు రాజు బదులు చెప్పినట్లు, తోచినది దాపఱికము లేక చెప్పుడు. మీ వీథిలో తన వ్రాత నెవరికిని చూపక దాచుకొనినామె యున్నయెడల, ఈ మాసములో ఒక మధ్యాహ్నము వారింటికి పోయి, ఒక్క ప్రకరణము చదువుమని మీరే యడుగుడు.