నమ్మకానికి పూచీ ఎవరు?

ఈమధ్య మన సాఫ్ట్‌వేర్ జనాల్లో ఒక కొత్త మంత్రం బయల్దేరింది. "సోషల్ మీడియాని ఎంగేజ్‌మెంట్ చుట్టూ కట్టడం వల్లే ఇన్ని అనర్థాలు, ఇకనుంచి నమ్మకం చుట్టూ కడదాం" అని. మాట బావుంది, కాదనను. కానీ నమ్మకం అంటే ఏంటని అడిగితే ఒక్కరూ సరిగ్గా చెప్పరు. ఎంగేజ్‌మెంట్ అంటే చెప్పమనండి.. క్లిక్కులు, నిమిషాలు, రోజుకి ఎంతమంది తెరిచారు, ఠకఠకా అప్పజెప్పేస్తారు. నమ్మకం దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరూ ప్రవచనం మొదలుపెడతారు.

నా మటుకు నాకు ఈ మంత్రం సగమే నిజం. మిగతా సగం ప్రమాదకరం. ఎందుకంటారా? మా జిల్లాలో ఒక మనిషి ప్రాణం తీసింది నమ్మకమే కాబట్టి.

మాది నందిపేట్. నిజామాబాద్ జిల్లా, శ్రీరాంసాగర్ వెనక నీళ్ళ పక్కన. 2018 మే నెలలో మా వైపు ఫోన్లన్నీ ఒకటే మాట మోశాయి. పార్థీ గ్యాంగు దిగింది, పిల్లల్ని ఎత్తుకుపోతోంది, రాత్రిపూట తలుపులు తీయకండి అని. మా ఆర్మూర్ వైపే, భీమ్‌గల్ మండలం చేంగల్‌లో, ఒక మనిషిని పిల్లల్ని ఎత్తుకుపోయేవాడనుకొని జనం కొట్టారు. ప్రాణం పోయింది. అదే నెలలో యాదాద్రి జిల్లాలో ఒకరు, హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒకరు. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడలో ఒకేచోట ఐదుగురు. జులై 13న బీదర్ జిల్లా ముర్కి దగ్గర చచ్చిపోయినతను హైదరాబాద్ కుర్రాడు, మనలాగే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. కూడా వచ్చిన స్నేహితుడు దారిలో పిల్లలకి చాక్లెట్లు ఇవ్వడమే వాళ్ళు చేసిన నేరం. వాళ్ళ కారు ఊరు దాటేలోపే ఫోటోలు, మెసేజీలు ముందు ఊరికి చేరిపోయాయి.

ఆ రోజుల్లో దేశమంతా తిరిగిన ఒక వీడియో గుర్తుందా? మోటార్ సైకిల్ మీద ఇద్దరొచ్చి పిల్లాడిని ఎత్తుకుపోతారు. అది కరాచీలో పిల్లల భద్రత గురించి తీసిన ప్రచార చిత్రం. అసలు దాంట్లో చివర పిల్లాడిని తెచ్చి దింపేసి, జాగ్రత్త అని ఒక అట్ట చూపిస్తారు. ఎవడో ఆ చివరి ముక్క కోసేశాడు, అంతే.

ఇప్పుడు మన వృత్తి ప్రశ్న వేసుకుందాం. దీంట్లో ఏ అల్గారిదమ్ పనిచేసింది? వాట్సాప్ గ్రూపులో ఫీడ్ లేదు. ఏది పైన, ఏది కింద అని లెక్కకట్టే ర్యాంకింగ్ లేదు. ఎవరు ముందు పంపితే అది ముందు. పంపినవాళ్ళు ఎవరు? బావ, చిన్నమ్మ, స్కూల్లో పక్కన కూర్చున్నవాడు, మస్కట్‌లో ఉన్న తమ్ముడు. తెలియని మనిషి పంపితే నమ్మేవాళ్ళు కాదు. తెలిసినవాళ్ళు పంపారు కాబట్టే కర్రలు పట్టుకొని బయటికొచ్చారు. మీరు కోరుకుంటున్న నమ్మకపు వల ఇదే కదా మరి!

అలాగని ఎంగేజ్‌మెంటుని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. దాని పాపం కాగితాల మీదే ఉంది. ఫేస్‌బుక్‌లో 2017 నుంచి కోపం బొమ్మకి మామూలు లైక్ కన్నా ఐదింతలు బరువు వేశారని 2021లో బయటపడ్డ లోపలి పత్రాలు చెప్పాయి. తగ్గిస్తూ తగ్గిస్తూ 2020లోగానీ దాన్ని సున్నా చెయ్యలేదు. అంటే కోపం తెప్పించే టపాకి ఏళ్ళ తరబడి వాళ్ళే ఎరువేశారు. కోడ్‌లో ఒక అంకె అది. ఎవరో మనలాంటివాడే టైపు చేసుంటాడు. దాన్ని పీకేయాల్సిందే. కానీ ఆ అంకె పీకేస్తే చేంగల్ ఆగేదా? ఆగదు. అక్కడ ఆ అంకే లేదు.

మరి లోపం ఎక్కడుంది? ఒక్క బటన్‌లో ఉంది. ఫార్వర్డ్ బటన్. అది చేసే పని చూడండి. మెసేజీ రాసినవాడి పేరు చెరిపేస్తుంది. వాడి దగ్గర్నుంచి నాదాకా మోసినవాళ్ళ పేర్లన్నీ చెరిపేస్తుంది. నా పేరు మాత్రం అంటించి నా వాళ్ళకి చేరుస్తుంది. అంటే మాట ఎవడిదో, పరపతి నాది. పోనీ మాట అబద్ధమైతే నాకేమైనా పోతుందా? "నాకూ ఎవరో పంపారు" అంటే సరిపోతుంది. పరువు నష్టం కూడా లేదు. ఇలాంటి లావాదేవీ ఏ బజార్లోనైనా చూశారా?

మా దగ్గర నమ్మకం ఎట్లా నడుస్తుందో చెప్తా. నందిపేట్ రైతు పసుపు తీసుకొని నిజామాబాద్ మార్కెట్ యార్డుకి పోతే, తెలిసిన అడ్తి దుకాణానికే పోతాడు. ఎందుకు? ఆ అడ్తిదారు పేరు తెలుసు, దుకాణం తెలుసు, ఈసారి ముంచితే వచ్చే ఏడు ఊరు ఊరంతా ఇంకో దుకాణానికి పోతుందని ఆయనకీ తెలుసు. మహిళా సంఘంలో లోను తీసుకుంటే పక్కామె కిస్తీ ఎగ్గొడితే ఆ బరువు మిగతావాళ్ళ మీద పడుతుంది. కాబట్టి ఎవర్ని పడితే వాళ్ళని సంఘంలో చేర్చుకోరు. ఎవరికైనా జమానత్ పడాలంటే సంతకం పెట్టేవాడు రెండుసార్లు ఆలోచిస్తాడు, ఇంట్లో అడుగుతాడు. బోధన్ శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళూ (2015 డిసెంబర్‌లో మూతపడింది) చెరుకు రైతు కాటా దగ్గర దణ్ణం పెట్టి ఊరికే రాలేదు, తూకం చిట్టీ తీసుకొని వచ్చాడు.

వీటన్నిట్లో మూడు సంగతులున్నాయి.

1. పేరు. ఎవరు పూచీ పడ్డారో తెలుస్తుంది.
2. హద్దు. పసుపు విషయంలో నమ్మిన అడ్తిదారుని పిల్ల సంబంధం విషయంలో నమ్మాలని లేదు.
3. నష్టం. మాట తప్పితే పూచీ పడ్డవాడికి ఏదో ఒకటి పోతుంది.

ఫార్వర్డ్ బటన్ ఈ మూడింటినీ ఒక్క నొక్కుతో తీసేసింది. మనవాళ్ళు దాన్నే "సులభమైన యూజర్ అనుభవం" అని మెచ్చుకున్నారు.

ఇక్కడే మన ఇంజనీర్ల బుర్రలో ఇంకో పురుగు తొలుస్తుంది. "ఐతే ఒక ట్రస్ట్ స్కోర్ పెడదాం!" అని. అయ్యా, ఆగండి. ఆ ముచ్చట ఒకసారి తీరింది. ఆర్కుట్ గుర్తుందా? 2004లో వచ్చింది, 2014 సెప్టెంబర్‌లో మూసేశారు. దాంట్లో స్నేహితులకి మార్కులు వేసే వసతి ఉండేది. నమ్మదగినవాడైతే నవ్వు మొహాలు, కూల్ అయితే మంచుముక్కలు, అందగాడైతే గుండెకాయలు. మనందరం ఒకరికొకరం మూడేసి నవ్వు మొహాలు పంచుకున్నాం. ఖర్చు లేని పొగడ్త కదా, ఎవరికి తక్కువ? దాంతో ఆ మార్కుకి విలువ లేకుండా పోయింది :-)

అది నవ్వుకునే ఉదాహరణ. ఏడిపించేది ఇంకోటుంది. సంఘాల్లోని ఆ పరస్పర పూచీనే మైక్రోఫైనాన్స్ కంపెనీలు అంకెగా మార్చాయి. ఒక్కటే మెట్రిక్, వసూలు శాతం. దాదాపు నూరు శాతం వసూళ్ళని స్లైడ్లలో గొప్పగా చూపించుకున్నాయి. 2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ షేర్ మార్కెట్‌కెక్కింది. అదే ఏడు అక్టోబర్‌లో, వసూళ్ళ ఒత్తిడికి ఆడవాళ్ళు ఆత్మహత్యలు చేసుకుంటున్నారన్న వార్తల మధ్య, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. పక్కింటి మనిషి మీదున్న నమ్మకాన్ని పిండి వసూళ్ళు రాబట్టారు, చివరికి నమ్మకమూ పోయింది, వసూళ్ళూ పోయాయి. కాబట్టి నమ్మకాన్ని డాష్‌బోర్డు మీద అంకె చేసి దాన్ని పెంచుతామని ఎవరైనా అంటే నాకు వణుకు పుడుతుంది. ఏ అంకెనైనా పెంచడమే పనిగా పెట్టుకుంటే అది ఇంకో ఎంగేజ్‌మెంటే అవుతుంది, పేరే మారుతుంది.

సరే, విమర్శించావు, ఏం కట్టమంటావో చెప్పు అంటారు. చెప్తా.

మొదటిది, దిద్దుబాటు పుకారు వచ్చిన దారినే తిరిగి వెళ్ళాలి. ఇప్పుడేం జరుగుతోంది? పుకారు వంద గ్రూపులకి పోతుంది, అబద్ధమని తేలిన సంగతి మర్నాడు పేపర్లో నాలుగో పేజీలో వస్తుంది. పుకారు చదివినవాళ్ళు ఆ పేపరు చదవరు. నేను ఎవరెవరికి ఫార్వర్డ్ చేశానో నా ఫోన్‌కి తెలుసు. నేను "ఈ మాట వెనక్కి తీసుకుంటున్నా" అని నొక్కితే, నా ఫోనే ఆ గ్రూపులన్నిటికీ ఆ సంగతి చేరవేయాలి. వాళ్ళు ఇంకెవరికైనా పంపి ఉంటే, వాళ్ళ ఫోన్ "మీరు పంపిన మాటని మీకు పంపినాయన వెనక్కి తీసుకున్నాడు, మీవాళ్ళకీ చెప్పమంటారా?" అని అడగాలి. దీనికి సర్వర్ మెసేజీలు చదవక్కర్లేదు. ఎన్‌క్రిప్షన్ విప్పక్కర్లేదు. ఇప్పుడున్న "అందరికీ డిలీట్" నా కాపీని తుడుస్తుంది, అదీ రెండు రోజుల చిల్లరలోపు. నా నుంచి ముందుకుపోయిన కాపీల జోలికి పోదు.

ప్రభుత్వం 2021 ఐటీ నియమాల్లో మొదట పంపినవాడెవరో చూపించమంది, వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకెళ్ళింది. నేనడిగేది అది కాదు. మొదటివాడి పేరు పోలీసుల చేతిలో పెట్టే యంత్రం రేపు లంచాల సంగతి బయటపెట్టినవాడి మీదికే పోతుంది. నాకు మొదటివాడితో పని లేదు. నాకు పంపిన మా బావతోనే పని. ఒక్కో అడుగుకి ఒక్కో పూచీ, అంతే.

రెండోది, చేతికి కాస్త అడ్డం పెట్టాలి. 2018 జులైలో మన దేశంలో ఒకసారికి ఐదు చాట్లకే ఫార్వర్డ్ అని హద్దు పెట్టారు, బొమ్మల పక్కనుండే త్వరిత ఫార్వర్డ్ గుర్తు తీసేశారు. 2020 ఏప్రిల్‌లో బాగా తిరిగిన మెసేజీని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలిగేట్టు చేశారు. ఆ తర్వాత అలాంటి మెసేజీలు 70 శాతం తగ్గాయని కంపెనీయే చెప్పుకుంది. ఇదంతా ఎన్ని లైన్ల కోడ్ అంటారు? ప్రాణాలు పోయాక గుర్తొచ్చింది. ముందే ఎందుకు చేయలేదంటే ఏ డాష్‌బోర్డులోనూ చచ్చినవాళ్ళ గడి లేదు కాబట్టి.

మూడోది అందరూ మర్చిపోయేది. నమ్మకపు వలలో బయటివాడికి చోటుండాలి. చేంగల్‌లోగానీ, బీదర్‌లోగానీ చచ్చినవాళ్ళు ఆ ఊరికి కొత్తవాళ్ళు. ఊళ్ళో ఒకరినొకరు ఎంత గట్టిగా నమ్మితే కొత్తవాడికి అంత గండం. మా జిల్లావాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. గ్రామాభివృద్ధి కమిటీలు గుళ్ళు కట్టించాయి, రోడ్లు వేయించాయి. అవే కమిటీలు తీర్మానం చేసి కొన్ని కుటుంబాలతో మాట్లాడొద్దని, కిరాణా సామాను ఇవ్వొద్దని బహిష్కరించిన కేసులు పోలీసుల దాకా, కోర్టుల దాకా వెళ్ళాయి. అక్కడ నమ్మకానికి కొరత లేదు. తీర్మానంతో విభేదించేవాడికి కుర్చీ లేదు, అదీ కొరత.

అదే 2018లో గద్వాల, వనపర్తి వైపు ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఏం చేశారో చూడండి. 400కు పైగా గ్రామాలకి పోలీసుల్ని కేటాయించారు. వాళ్ళు ఊళ్ళకెళ్ళి జనంతో కూర్చున్నారు, ఊరి గ్రూపుల్లో చేరారు, దప్పులు కొట్టించి పాటలతో పుకార్ల సంగతి చెప్పించారు. అక్కడ ఇలాంటి చావు జరగలేదు. గ్రూపులో ఊరికి సంబంధం లేని ఒక మనిషి, పేరుతో, మొహంతో, "ఇది అబద్ధం, నాది పూచీ" అనడానికి ఉన్నాడు. ట్విట్టర్ కమ్యూనిటీ నోట్స్‌లో సూత్రమూ దీనికి దగ్గరదే. మామూలుగా ఒకరితో ఒకరు ఒప్పుకోని జనం ఒక నోటుని ఒప్పుకుంటేనే అది పైకొస్తుంది. లోపాలున్నాయి, ఆలస్యం ఉంది. ఐనా సొంత గుంపు చప్పట్ల కన్నా అది మెరుగైన సాక్ష్యం.

"బాస్, ఇవన్నీ బిజినెస్ వాళ్ళు ఒప్పుకోరు" అనేవాళ్ళకి ఒక్క మాట. 2020లో హద్దు పెట్టినందుకు వాట్సాప్ మూతపడలేదు. ఆ తర్వాత గ్రూపు సైజు 256 నుంచి 1024కి పెంచుకున్నారు కూడా. అంటే పెద్ద గుంపులు కట్టడానికి ఇంజనీర్లకి టైముంది, దిద్దుబాటు దారి కట్టడానికి లేదు. ఇది బిజినెస్ వాడి నేరం ఒక్కటే కాదు. ఏ/బీ టెస్టులో ఏ అంకె గెలిస్తే గెలిచినట్టో రాసేది మనం. "పుకారు అందిన వందమందిలో దిద్దుబాటు ఎంతమందికి అందింది?" అనే వరస ఒకటి రాయడానికి ఎవరి అనుమతి కావాలి? ముందు కొలిచి చూపించండి, తర్వాత వాళ్ళు కాదంటే అప్పుడు వాళ్ళని తిడదాం, నేనూ తోడొస్తా.

అంతవరకు మాత్రం స్లైడు మీద "నమ్మకం" అని రాసి చేతులు దులుపుకోకండి. ఫార్వర్డ్ నొక్కినవాడికి మాట తప్పితే ఏం పోతుందో, ఆ గ్రూపులో లేని బాటసారికి దిక్కెవరో, ఈ రెండు గడులు మీ డిజైన్ కాగితంలో ఖాళీగా ఉంటే మీరు కట్టేది ఇంకో ఫార్వర్డ్ బటనే.