పల్లె పొలము, పట్టణపు నీరు

జహీరాబాదునకు చేరువనున్న న్యాల్‌కల్, ఝరాసంగము మండలములలోని 17 గ్రామములయందు సుమారు 12,600 ఎకరములు ‘నిమ్జ్’ అనబడు జాతీయ పెట్టుబడుల, ఉత్పత్తుల మండలికై ఉద్దేశింపబడినవి. కేంద్రప్రభుత్వము 2016లో దీనికి తుది సమ్మతి నొసగినది; 2024 ఆగస్టులో ఆమోదించిన పండ్రెండు పారిశ్రామిక నగరములలో జహీరాబాదును చేర్చినది.

పరిశ్రమలు వలదని మేమనము. యువకులకు ఇంటిచెంతనే పని దొరకుట మేలే. కాని పటము గీయువారొకరు, ఫలమనుభవించువారు వేరొకరు కాగూడదు. కర్మాగారములు గ్రామసీమలలో వెలసినను, పనివారికి ఇండ్లు, త్రాగునీరు, వైద్యశాలలు పట్టణమే చూపవలసివచ్చును. పోవు నేలయో, జొన్నలు, కందులు, కొఱ్ఱలు పండు నేల. ఈ సీమ విత్తనములను స్త్రీల సంఘములు కాపాడినవి. అందులకే పస్తాపూరులోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థవారి ఈక్వేటర్ బహుమానము లభించినది. అట్టి నేల విలువను రూపాయలతో మాత్రమే కొలువరాదు.

మార్గమును క్రొత్తగా వెదకనక్కఱలేదు. 74వ సవరణచే రాజ్యాంగమున చేరిన 243 జెడ్‌డి అధికరణము జిల్లా ప్రణాళికా సంఘమును విధించినది. అందు ఐదింట నాలుగువంతుల సభ్యులు జిల్లా పంచాయతీ, పురపాలక సంఘముల సభ్యులనుండి ఎన్నుకొనబడవలెను. పల్లెకును పట్టణమునకును ఉమ్మడియైన భూవినియోగమును, నీటి పంపకమును ఆ సంఘమే విచారింపవలెను.

కావున అధికారులు ప్రణాళికను తెలుగునను ఉర్దూనను అచ్చొత్తించి, పురపాలక సంఘము నెదుటను గ్రామసభలలోను ఉంచవలెను. ఆక్షేపణలకు వ్రాతమూలముగా బదులీయవలెను. నీరెక్కడినుండి, ఎంత, ఎవరికి తగ్గించి? ఈ మూడు ప్రశ్నలకు అంకెలతో జవాబు రానిదే మిగిలిన పొలముల గట్లు చెఱుపరాదు.

జహీరాబాదు పౌరులారా! పల్లెల గోడు మనది కాదని నేడు ఊరకుండితిమేని, రేపు మన గోడు వినువారుండరు.